డాలస్ నుంచి న్యూజెర్సీకి మారుతున్నాం, ఇంట్లో తుపాకులున్నాయి. ఏం చేయాలి?

ప్రశ్న (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. వచ్చే నెలాఖరుకి ఫ్రిస్కో నుంచి ఎడిసన్‌కి మారుతున్నాం. అపార్ట్‌మెంట్ లీజు మీద సంతకాలు కూడా అయిపోయాయి. నాకు గ్రీన్ కార్డ్ ఉంది. ఇంట్లో రెండు తుపాకులున్నాయి, ఒకటి గ్లాక్ 19 పిస్టల్, ఇంకోటి ఏఆర్-15 రైఫిల్. రెండూ షాపులోనే కొన్నాను, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది, బిల్లులు భద్రంగా ఉన్నాయి. పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడానికి ఇచ్చే టెక్సస్ క్యారీ లైసెన్స్ కూడా ఉంది. వీటిని మా హైలాండర్ కార్లో పెట్టుకుని డ్రైవ్ చేసుకుంటూ వెళ్లిపోవచ్చా? నా లైసెన్స్ అక్కడ చెల్లుతుందా? ఏఆర్ న్యూజెర్సీలో కుదరదని ఎవరో అన్నారు. అదే నిజమైతే ఇక్కడే ప్లేనోలో ఉంటున్న మా బావమరిదికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. తను హెచ్-1బీ మీద ఉన్నాడు. మా ఆవిడకి ఒకటే టెన్షన్, అన్నీ అమ్మేయమంటోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు (పిస్కాటవే, న్యూజెర్సీ)

మీరు చివర్లో రాసిన సంగతి ముందు చూద్దాం, అన్నిటికంటే ప్రమాదం అక్కడే ఉంది. మీ బావమరిదికి ఆ రైఫిల్ ఇవ్వకండి. హెచ్-1బీ, ఎఫ్-1, హెచ్-4, బీ-2 లాంటి నాన్-ఇమిగ్రెంట్ (తాత్కాలిక) వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఇది ఏ ఒక్క రాష్ట్రం నియమమో కాదు, టెక్సస్‌లోనూ అంతే. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది, అలాంటివే మరికొన్ని ఉన్నాయి. అవేవీ లేకుండా తన ఇంట్లో పెట్టుకుంటే తనకీ ముప్పే, తన వీసా సంగతి తెలిసి ఇచ్చినందుకు మీకూ ముప్పే. 2022 నుంచి ఈ నేరాలకి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. శిక్ష ఎంత పడిందన్నది అలా ఉంచండి, తుపాకీ కేసులో దోషిగా తేలితే ఇమిగ్రేషన్ చట్టం ప్రకారం డిపోర్ట్ చేయొచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఇక్కడ పుట్టిన అమెరికన్‌కి జైలుతో అయిపోయే కేసు మనవాళ్లకి ఇల్లూ, ఉద్యోగం, పిల్లల చదువు అన్నిటినీ లాక్కెళ్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక న్యూజెర్సీ సంగతి. ఇక్కడ శనివారాలు ఒక షూటింగ్ రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా వాలంటీర్ చేస్తుంటాను, మీలాగే వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు తరచూ కలుస్తుంటారు. అందరూ చూపించేది షాపు బిల్లే. ఇండియాలో కలెక్టరో పోలీస్ కమిషనరో లైసెన్స్ ఇస్తేగానీ తుపాకీ కొనలేం కాబట్టి, చట్టబద్ధంగా కొన్నామంటే లైసెన్స్ ఉన్నట్టే అని మనవాళ్లకి ఒక లెక్క ఉండిపోతుంది. టెక్సస్‌లో తుపాకీ కొని ఇంట్లో ఉంచుకోవడానికి రాష్ట్రం ఏ పర్మిటూ అడగదు, రిజిస్ట్రేషన్ లేదు. 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరంగా అడ్డేమీ లేనివాళ్లు క్యారీ లైసెన్స్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగొచ్చు. మీ బిల్లు మీరు కొన్నారని చెబుతుంది, అంతే. న్యూజెర్సీలో దాని మీద ఏ హక్కూ రాదు.

మీ టెక్సస్ క్యారీ లైసెన్స్ ఇక్కడ చెల్లదు. న్యూజెర్సీ వేరే ఏ రాష్ట్రం లైసెన్స్‌నీ గుర్తించదు. పర్మిట్ లేకుండా పిస్టల్‌తో బయట దొరికితే సెకండ్ డిగ్రీ నేరం, 5 నుంచి 10 ఏళ్లు. గ్రేవ్స్ యాక్ట్ అనే చట్టం వల్ల మామూలుగా అయితే 42 నెలలు పెరోల్ లేకుండా లోపల ఉండాల్సిందే. జడ్జి జాలిపడి వదిలేసే కేసు కాదిది.

ఏఆర్-15 విషయంలో మీరు విన్నది నిజమే. 1990 నుంచి న్యూజెర్సీలో అసాల్ట్ ఫైర్‌ఆర్మ్స్ (సైనిక తరహా తుపాకులు) మీద నిషేధం ఉంది. కోల్ట్ ఏఆర్-15 పేరు చట్టంలోనే రాసి ఉంది, దాదాపు అలాంటివే అయిన మిగతావీ దాని కిందకే వస్తాయి. ఫిక్స్‌డ్ స్టాక్ (మడవడానికీ జరపడానికీ వీల్లేని వెనక భాగం) లాంటి మార్పులతో ఇక్కడి నిబంధనలకి సరిపోయేలా చేసిన రైఫిళ్లు అమ్ముతారు గానీ, టెక్సస్ షాపులో మామూలుగా కొన్నది అలా ఉండదు. ఇక్కడికి తెచ్చాక రిజిస్టర్ చేయించుకుందామంటే దారి లేదు. దాన్ని టెక్సస్‌లోనే వదిలించుకోండి. షాపుకి అమ్మేయడం తేలిక. సిటిజన్ అయిన స్నేహితుడెవరైనా టెక్సస్‌లో ఉంటే, మీరింకా టెక్సస్ నివాసిగా ఉన్నప్పుడే ఇచ్చేయండి. ఒకే రాష్ట్రంలో ఉన్నవాళ్ల మధ్య ఇవ్వడానికి ఫెడరల్ చట్టం అడ్డు చెప్పదు. ఒకసారి న్యూజెర్సీ నివాసి అయ్యాక మాత్రం టెక్సస్ మనిషికి నేరుగా ఇవ్వకూడదు, లైసెన్స్ ఉన్న డీలర్ మధ్యలో ఉండాలి. కాబట్టి ట్రక్కు రాకముందే ఈ పని ముగించండి.

మ్యాగజీన్లు, అంటే తూటాలు నింపి తుపాకీలో పెట్టే డబ్బాలు, చూసుకోండి. గ్లాక్ 19తో వచ్చే మామూలు మ్యాగజీన్‌లో 15 తూటాలు పడతాయి. న్యూజెర్సీలో పరిమితి 10. ఖాళీ మ్యాగజీన్ అయినా సరే, అది ఇంట్లో ఉండటమే నేరం. అవన్నీ అక్కడే వదిలేసి పది తూటాలు పట్టేవి కొనుక్కోండి. బ్యాగు అడుగున, డ్రాయర్లో, పాత కారు సీటు కింద ఒకటి ఉండిపోయిందేమో వెతకండి. హాలో పాయింట్ తూటాలు (మొన గుంటగా ఉండి, తగిలాక విచ్చుకునేవి) కూడా తేకండి. ఇంట్లో, రేంజ్‌లో ఉంచుకోవడానికి చట్టంలో వెసులుబాటు ఉంది గానీ, దారిలో పోలీసు ఆపినప్పుడు ఆ వెసులుబాటు గురించి వాదించే పరిస్థితి మీకెందుకు?

ప్రశ్నించినవారి మాట (ఫ్రిస్కో)

చాలా థాంక్స్ అండి. బావమరిది సంగతి చదివి గుండె ఆగినంత పనైంది, ఆ ఆలోచన మానేశాను. ఏఆర్ ఈ శనివారమే షాపులో ఇచ్చేస్తాను. మరి గ్లాక్‌ని కార్లో తెచ్చుకోవచ్చా? సామాను తరలించే మూవర్స్ తుపాకులు తీసుకెళ్లం అన్నారు.

జవాబు (పిస్కాటవే)

మూవర్స్ చాలామంది తీసుకోరు, తూటాలైతే అసలే ముట్టుకోరు.

కార్లో తేవచ్చు, పద్ధతిగా తేవాలి. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటి దారిలో రక్షణ ఇస్తుంది. బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ మీ దగ్గర ఉండటం చట్టబద్ధమై ఉండాలి. తూటాలు తీసేసి, కూర్చున్నవాళ్లకి అందకుండా ఉంచాలి. హైలాండర్‌లో విడిగా డిక్కీ లేదు, వెనక సామాను పెట్టే చోటు లోపల సీట్లతో కలిసే ఉంటుంది. అలాంటి బండికి చట్టం అడిగేది తాళం వేసిన పెట్టె, పైగా గ్లవ్ బాక్స్, కన్సోల్ పనికిరావని స్పష్టంగా రాసి ఉంది. గట్టి ప్లాస్టిక్ కేసు ఒకటి కొని ప్యాడ్‌లాక్ వేయండి. తూటాలు వేరే పెట్టెలో, దానికీ తాళం. రెండు పెట్టెలూ వెనక డోరు దగ్గర, మీద సూట్‌కేసులు. తాళం చెవులు డ్రైవర్ దగ్గర చేతికందేలా కాకుండా ఇంకో బ్యాగులో వేసుకోండి.

మీరు ఐ-30, ఐ-40, ఐ-81 పట్టుకుని చివర్లో ఐ-78 మీద వస్తారనుకుంటాను. ఆఖరి రాత్రి మజిలీ పెన్సిల్వేనియాలోనే చేయండి, తెల్లారి తిన్నగా ఎడిసన్ ఇంటికి రండి. దీనికి కారణం ఉంది. యూటా నుంచి విమానంలో వస్తున్న ఒకాయనకి న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో తర్వాతి ఫ్లైట్ తప్పిపోయింది. లగేజీ తీసుకుని రాత్రి హోటల్లో ఉన్నాడు. తాళం వేసిన కేసులోనే పిస్టల్ ఉన్నా, మర్నాడు ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేస్తే అరెస్ట్ చేశారు. అభియోగాలు తర్వాత ఎత్తేశారు గానీ, ఆయన వేసిన సివిల్ దావాలో 2010లో థర్డ్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు, హోటల్లో బ్యాగు చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఆ ఫెడరల్ రక్షణ వర్తించదంది. ఇంకోటి, 2009లో కొలరాడో నుంచి న్యూజెర్సీకి మారుతున్న ఒకాయన కారు ట్రంక్‌లో తుపాకులు దొరికాయి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారేటప్పుడు తీసుకెళ్లడానికి న్యూజెర్సీ చట్టంలోనే మినహాయింపు ఉంది. అయినా జడ్జి ఆ మినహాయింపు సంగతి జ్యూరీకి చెప్పడానికి ఒప్పుకోలేదు, 7 ఏళ్ల శిక్ష పడింది. 2010 డిసెంబర్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ శిక్ష తగ్గించాకే బయటికొచ్చాడు. అందుకే లీజు కాపీ, మూవర్స్ బిల్లు, పాత ఇంటి ఖాళీ నోటీసు ఒక ఫోల్డర్లో మీ దగ్గరే ఉంచుకోండి. ఇల్లు మారుతున్నారని కాగితం మీద కనిపించాలి.

నన్నడిగితే కారు ప్రయాణంలో కూడా తేవద్దంటాను. డాలస్‌లో నమ్మకమైన సిటిజన్ స్నేహితుడి దగ్గర గ్లాక్ పెట్టి రండి. ఇక్కడ ముందు ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డ్, తర్వాత హ్యాండ్‌గన్ (పిస్టల్) పర్చేజ్ పర్మిట్ తీసుకోండి. అప్పుడు అక్కడి డీలర్ నుంచి ఇక్కడి డీలర్‌కి పంపించుకోవచ్చు. కొంత ఖర్చవుతుంది, కొన్నాళ్లు పిస్టల్ ఉండదు. కుటుంబం ఉన్న మీకు ఆ మాత్రం ఆగడం నష్టమేం కాదు. మీ ఆవిడ భయంలో అర్థం ఉంది.

జవాబు (షాంబర్గ్, ఇల్లినాయ్)

తమ్ముడూ, ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. ఇల్లినాయ్‌కి వచ్చేవాళ్లకి ఎఫ్ఓఐడీ కార్డ్ (తుపాకీ యజమాని గుర్తింపు కార్డ్) అని ఒకటుంది, తుపాకీ ఉన్నా తూటాలున్నా అది కావాలి. కొత్తగా వచ్చినవాళ్లు 60 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. మా చెల్లెలు వాళ్లు కాలిఫోర్నియాకి మారినప్పుడు అక్కడా 60 రోజులే, తెచ్చుకున్న తుపాకుల వివరాలు రాష్ట్ర న్యాయశాఖకి ఫారం నింపి పంపారు. అక్కడా మ్యాగజీన్ పరిమితి పదే.

ప్రశ్నించినవారి మాట (ఫ్రిస్కో)

అక్కా, థాంక్స్. న్యూజెర్సీలో కూడా గడువు ఉందా అండి? ఇంకో డౌటు, అమ్మానాన్నలు ఏప్రిల్‌లో ఆరు నెలలకి వస్తున్నారు. వాళ్లు విజిటర్ వీసా మీదే కదా, ఇంట్లో తుపాకీ ఉంటే వాళ్లకేమైనా ఇబ్బందా?

జవాబు (పిస్కాటవే)

ఉంది. 2022లో వచ్చిన చట్టం ప్రకారం కొత్తగా నివాసి అయినవాళ్లు బయటి నుంచి తెచ్చుకున్న హ్యాండ్‌గన్‌ని రిజిస్టర్ చేయాలి, ఐడీ కార్డ్ తీసుకోవాలి. గడువు 60 రోజులు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేస్తారు, అది మీ టౌన్ పోలీసు శాఖకి వెళ్తుంది. ఎడిసన్‌కి సొంత పోలీసు ఉంది కాబట్టి అక్కడికే. వేలిముద్రలు, పరిచయస్తుల రెఫరెన్సులు, మానసిక ఆరోగ్య రికార్డులు చూడటానికి మీ అంగీకారం అడుగుతారు. చట్టం 30 రోజుల్లో తేల్చాలంటుంది, కొన్ని టౌన్లలో ఆలస్యం అవుతుంది. అందుకే ఇంట్లో దిగిన వారంలోనే పెట్టేయండి. రెఫరెన్స్ ఇచ్చేవాళ్లకి ముందే చెప్పి ఉంచండి, వాళ్లు ఈమెయిల్ చూసుకోకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. హ్యాండ్‌గన్ పర్మిట్ 90 రోజులు పనిచేస్తుంది, ఇంకో 90 పొడిగించుకోవచ్చు.

అమ్మానాన్నల విషయం. తుపాకీ ఉన్న ఇంట్లో ఉండటం నేరం కాదు. వాళ్ల చేతిలోకి, వాళ్ల అధీనంలోకి రాకూడదు, అంతే. సేఫ్ కోడ్ వాళ్లకి చెప్పకండి, తాళం చెవి పూజగదిలోనో వంటింటి మేకుకో తగిలించకండి. సరదాగా ఫొటో తీద్దామని నాన్నగారి చేతికి ఇవ్వకండి. వీకెండ్‌కి రేంజ్‌కి తీసుకెళ్లినా ఆయన కాల్చకూడదు, అద్దె తుపాకీకీ అదే నియమం. బావమరిది వచ్చినా అంతే. మీరు ఊరికెళ్లే రోజుల్లో సేఫ్ తెరవగలిగిన మనిషి మీ ఇంట్లో ఎవరున్నారో చూసుకోండి. మీ ఆవిడకి గ్రీన్ కార్డ్ ఉంటే ఇబ్బంది లేదు, ఇంకా హెచ్-4 మీదే ఉంటే ఆమెకీ కోడ్ తెలియకూడదు.

బయల్దేరే ముందు న్యూజెర్సీలో తుపాకీ కేసులు చూసే లాయర్‌తో ఒక అరగంట ఫోన్లో మాట్లాడండి. ఇమిగ్రేషన్ సంగతి కూడా తెలిసినవారైతే ఇంకా మేలు. ఇక్కడి నిబంధనల మీద కోర్టుల్లో కేసులు నడుస్తూనే ఉంటాయి, మీరు దిగే వారానికి ఏది అమల్లో ఉందో ఆయన చెప్పగలరు. ఎడిసన్ వచ్చాక దరఖాస్తు పెట్టడానికి సాయం కావాలంటే శనివారం రేంజ్ దగ్గరికి రండి, లీజు కాపీ, గ్రీన్ కార్డ్, కొత్త అడ్రస్ మార్చిన డ్రైవర్ లైసెన్స్ తెచ్చుకోండి.