3608528850368400786036725 దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? పెన్నూ పేపరుతో నిరూపించగలమా?

అందరికీ నమస్కారం. ఈ 25 అంకెల సంఖ్యలో ఎడమ నుంచి మొదటి రెండంకెలు 36, రెండుతో పోతుంది. 360 మూడుతో, 3608 నాలుగుతో, 36085 ఐదుతో... ఇలా మొత్తం సంఖ్య 25తో నిశ్శేషంగా పోయేదాకా నడుస్తుంది. ఈ లక్షణం ఉన్న 25 అంకెల సంఖ్య ఇదొక్కటే, ఇంతకంటే పెద్దది లేదు అంటారు.

ఇది ముందుకు సాగదని నేనే చేసి చూసుకున్నాను. చివర సున్నా పెట్టి 26తో భాగిస్తే శేషం 12. అంటే చివర చేర్చాల్సింది 14, అది ఒక్క అంకె కాదుగా! అక్కడికి సరే.

నా సందేహం వేరే. 25 అంకెలవి ఇంకేవీ లేవని కంప్యూటర్ లేకుండా ఎలా చూపించాలి? సరిస్థానాల్లో సరి అంకెలే రావాలి, 10వ, 20వ స్థానాల్లో సున్నా, 5, 15, 25 స్థానాల్లో సున్నా లేదా ఐదు. ఇంతవరకు రాబట్టాను కానీ మిగిలే కేసులు ఇంకా చాలా ఎక్కువగా ఉన్నాయి. 25 అంకెల సంఖ్యలు మొత్తం 9×10^24, వాటిని 25 ఫాక్టోరియల్‌తో (1 నుంచి 25 దాకా లబ్ధంతో) భాగిస్తే దాదాపు 0.58 వస్తుంది కాబట్టి ఒకటో అరో ఉండొచ్చనిపిస్తుంది, కానీ అది అంచనాయే తప్ప నిరూపణ కాదు.

7, 11, 13ల భాజనీయతను కలిపి వాడి కేసులు బాగా తగ్గించే దారి ఎవరికైనా తెలుసా? ప్రోగ్రామ్ వద్దండీ, అది పది లైన్లలో అయిపోతుంది. ఇంటర్ స్థాయి లెక్కలతో అర్థమయ్యేలా చెబితే చాలు. చివరి నుంచి వెనక్కి రావడం మేలా, 12 అంకెల దగ్గర రెండుగా విడగొట్టడం మేలా?