ఆనంద గజపతి ఇంగ్లీషు వాళ్లను పిలవకపోయి ఉంటే? (చందుర్తి, 1758)

గోదారిగట్టు (నరసాపురం):
పెళ్లికని పిఠాపురం వెళ్లినవాణ్ణి, భోజనాలయ్యాక బావమరిది బండెక్కి చందుర్తి దాకా వెళ్లొచ్చాను. 1758 డిసెంబరులో ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ దండూ, ఫ్రెంచి కాన్‌ఫ్లాన్స్ దండూ తలపడ్డ చోటు. మేం తిరిగినంత మేరా పొలాలూ బోదెలే. గట్టు మీద ఒక పెద్దాయన్ని కదిపితే "ఆ యుద్ధమాండీ, పుస్తకాల్లో ఉందంటారు" అని మళ్లీ నీళ్లు కట్టుకోవడంలో పడ్డాడు.

నా గొడవ ఒక్కటే. ఫ్రెంచి వాళ్లతో చెడి, వాళ్ల చేతిలోంచి విశాఖపట్నం లాక్కుని, "రండి, మీకప్పగిస్తా" అని ఇంగ్లీషు వాళ్లకు కబురంపింది విజయనగరం రాజు ఆనంద గజపతి. మద్రాసు వాళ్లు మావల్ల కాదన్నారు. కలకత్తా నుంచి క్లైవ్ దొర ఈ ఫోర్డ్ దండుని పంపాడు. ఆయన పిలవబట్టే మన నేల కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) పాలైందని నేనంటాను. కాదన్నవాళ్లు చెప్పండి.

పిఠాపురం మాస్టారు:
అబ్బాయ్, నువ్వు పిలుపు దగ్గర మొదలెట్టావు. వాళ్లు అప్పటికే వాకిట్లో ఉన్నారు. మీ నరసాపురం పక్కన మాధవాయపాలెంలో, యానాం దగ్గర ఇంజరంలో, అటు బండమూర్లంకలో ఇంగ్లీషు వాళ్ల బట్టల కొట్లు ఉన్నాయి. (మాధవాయపాలెం పేరుతో ఒక రకం గుడ్డే ఇంగ్లండులో చలామణి అయింది. ఇప్పుడు ఆ రేవులో సఖినేటిపల్లి పంటు కోసం బళ్లేసుకుని నిలబడే వాళ్లలో ఎంతమందికి తెలుసో!)

ఇక ఫ్రెంచి వాళ్లకు ముస్తఫానగరం, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను (మన కోస్తా సీమలను) 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగే రాసిచ్చాడు, ఫ్రెంచి సేనాని బుస్సీ సిపాయిల జీతాలకని. 1756లో యూరపులో రెండు దేశాలకీ యుద్ధం వచ్చింది. 1757 మార్చిలో క్లైవ్ అక్కడ చందర్‌నగర్ పట్టుకుంటే, బుస్సీ ఇక్కడ విశాఖపట్నమూ ఇందాక చెప్పిన మూడు కొట్లూ పట్టుకున్నాడు. ఏ ఒక్కదానికైనా ఆనంద గజపతిని అడిగారా? మరుసటేడు ఫ్రెంచి జనరల్ లాలీ మద్రాసు మీదికెళ్లాలని బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఆ సందు చూసుకుని రాజు కదిలాడు. క్లైవ్‌కి రాజు మీద ప్రేమేం లేదు, మద్రాసు మీద బరువు తగ్గితే చాలు. ఈ కబురు లేకపోతే ఇంకో వంక దొరికేది.

లంకకొబ్బరి:
మరి బొబ్బిలో మాస్టారూ? 1757 జనవరిలో బుస్సీ ఫిరంగుల్ని ఆ కోట మీదికి తోలుకెళ్లింది ఇదే విజయనగరం వంశం కదండీ. పెద్దాయన విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. తర్వాతాయన, ఈ ఆనంద గజపతి, దొరని మార్చాడు, అంతే. పొరుగోడి మీద పగకి పులిని అద్దెకి తెచ్చుకోవడం వాళ్లింట్లో అలవాటు.

గోదారిగట్టు:
కొబ్బరి గారి మాటే నాదీ. మాస్టారూ, బేరం చూడండి. దండు ఖర్చుకి నెలకు 50,000 రూపాయలు రాజు ఇవ్వాలి, అదీ రాజమండ్రి చేతికొచ్చాక. లోపలి నేల రాజుకి, సముద్రపుటొడ్డు కుంపిణీకి. ఓడరేవులు వదులుకున్నవాడికి ఇక మిగిలేదేంటి?

యుద్ధంలోనూ అంతే. ఏపుగా ఎదిగిన జొన్నచేను చాటున ఫోర్డ్ తెల్ల సిపాయిలుండిపోయారు. ఎర్రచొక్కాలేసుకున్న మన సిపాయిల్నే తెల్లవాళ్లనుకుని ఫ్రెంచి వాళ్లు మీదపడ్డారు, తీరా చేనులోంచి అసలువాళ్లు బయటికొచ్చారు. రాజు బలగం చేసింది పెద్దగా ఏమీ లేదు. గెలిచాక డబ్బు దగ్గర రాజు నాన్చాడు, 1759 జనవరి చివరిదాకా దండు ముందుకి కదల్లేదు. తనే పిలిచి, తనే జీతం ఎగ్గొడితే రేపు ఒప్పందం రాసేటప్పుడు మన పక్షాన ఎవడు మాట్లాడతాడండీ?

యానాం కుర్రాడు:
మీరిద్దరూ చందుర్తి దగ్గరే ఆగిపోయారు. 1763లో పారిస్‌లో సంతకాలయ్యాక మా ఊరు మళ్లీ ఫ్రెంచి వాళ్లకొచ్చింది, చుట్టూ సర్కార్లు మాత్రం రాలేదు. ఆ గీత ఇప్పటికీ ఉంది. ఎదుర్లంక బ్రిడ్జి దిగి పెట్రోలు కొట్టించుకోడానికి మా ఊరొచ్చే బళ్లని చూడండి. 1954లో ఫ్రెంచి వాళ్లు వెళ్లినా మేం పుదుచ్చేరిలోనే ఉండిపోయాం. ఆనంద గజపతి పిలిచినా మానినా పారిస్‌లో ఇదే గీసేవాళ్లు.

గోదారిగట్టు:
తమ్ముడూ, పారిస్ దాకా ఎందుకు? అంతకు నాలుగేళ్ల ముందే తేలిపోయింది. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ రాత్రికి రాత్రి బందరు కోట పట్టేశాడు. ఫ్రెంచి వాళ్లకు సాయమని బయల్దేరిన సలాబత్ జంగు దగ్గర్లోనే దిగి ఉన్నాడు. అటు తమ్ముడు నిజాం అలీతో తలనొప్పి, ఇటు కోట పోయింది. మే 14న ఇంగ్లీషు వాళ్లకే బందరూ, నిజాంపట్నమూ, చుట్టుపక్కల సీమా ఇనాంగా రాసిచ్చాడు. ఫ్రెంచి వాళ్లను తన రాజ్యంలో ఉండనివ్వనన్నాడు. అందులో విజయనగరం రాజుకి దక్కిందేంటో తెలుసా? ఫ్రెంచి వాళ్ల సర్కార్లలో ఆ ఏడు వసూలు చేసుకున్న దానికి లెక్క అడగరట, తన సొంత సీమ పేష్కషూ (కప్పం) ఆ ఏటికి అడగరట. మరుసటేటి నుంచి తాతా తండ్రీ కట్టినట్టే కట్టాలి. ఇంత చేసి, ఒక్క ఏడాది శిస్తు మాఫీ!

లంకకొబ్బరి:
మనకి తుపానొస్తే ఇచ్చేదీ అంతే కదండీ 😀

పిఠాపురం మాస్టారు:
ఆ షరతు సంగతి ఒప్పుకుంటాను. బేరం ఆడటం రాలేదాయనకి, డబ్బు దగ్గర బుద్ధీ నిలవలేదు. కానీ నీ మొదటి మాట ఒప్పుకోను. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానా, 1766లో నిజాం అలీ ఒప్పందం, అసలు సర్కార్లు కుంపిణీకి దఖలుపడింది వీటితో. ఆ రెండు కాగితాలూ ఆనంద గజపతి కబురు చూసి రాసినవి కావు. చందుర్తిలో ఫ్రెంచి వాళ్లే గెలిచారనుకో, శిస్తు బుస్సీ మనుషులకి కట్టేవాళ్లం. రైతుకి తేడా ఎంత?

గోదారిగట్టు:
రైతుకి తేడా లేదనే మాట దగ్గర నేను తగ్గుతాను మాస్టారూ. రాజుకి మాత్రం ఉంది. తర్వాత గద్దెనెక్కిన చిన విజయరామరాజుని 1794లో పద్మనాభం దగ్గర చంపింది ఆ కుంపిణీ వాళ్లే కదా, అదీ కప్పం బాకీల గొడవ మీదే. వచ్చే నెల బందరుకోట వెళ్తున్నాను, మీరొస్తానంటే పిఠాపురం స్టేషన్ దగ్గర ఎక్కించుకుంటాను. దారంతా తిట్టుకుందాం.