మనవరాలి ఫొటో స్టేటస్ పెట్టాలంటే కోడలి పర్మిషన్ తీసుకోవాలా?

పద్మజ_తెనాలి:
అందరికీ నమస్కారం. మా మనవరాలి అన్నప్రాసన మొన్న రాజమండ్రిలో మా వియ్యాలవారింట్లో చేశారు. పుస్తకం, పెన్ను, బంగారం, డబ్బులు అన్నీ ముందు పెడితే అది తిన్నగా పెన్ను పట్టుకుని నోట్లో పెట్టేసుకుంది, ఇల్లంతా ఒకటే నవ్వులు. మా అబ్బాయి ఫొటోలు తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు, అందులోంచి ఒకటి తీసి నేను వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా. సాయంత్రానికి అబ్బాయి ఫోన్, అమ్మా అది తీసెయ్, తనకి ఇష్టం లేదు అని. తీసేశాను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. సొంత నాయనమ్మ మనవరాలి ఫొటో పెట్టుకోవడం అంత నేరమా? పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు అందరూ చెప్పండి.

కొత్తగూడెం_సత్యం:
నేరమేంది అమ్మా. మనవరాలి ఫొటో నాయనమ్మ పెట్టకపోతె ఇంకెవరు పెడ్తరు. ఈ కాలం పిల్లలకు ప్రతిదీ ప్రాబ్లమే.

అమలాపురం_అమ్మాయి:
నేరం అని ఎవరూ అనలేదు కదండీ, తీసెయ్యమన్నారు అంతే. నాకు రెండేళ్ళ బాబు ఉన్నాడు, నేనూ మావారూ వాడు పుట్టకముందే అనుకున్నాం, మొహం కనపడే ఫొటో ఎక్కడా పెట్టం అని. ఫేస్‌బుక్ వాళ్ళే 13 ఏళ్ళు నిండకుండా అకౌంట్ ఇవ్వరు, అలాంటిది పుట్టిన రోజు నుంచీ వాడి జీవితం మొత్తం మనం అక్కడ పెట్టేస్తే వాడు పెద్దయ్యాక ఒప్పుకుంటాడో లేదో ఎవరికి తెలుసు. ఇంకో మాట, పాత రోజుల్లో దిష్టి తగులుతుందని పసిపిల్లల్ని నెలల తరబడి బయటవాళ్ళకి చూపించేవాళ్ళు కాదు, బుగ్గన చుక్క పెట్టేవాళ్ళు. ఆ రూలు పెట్టింది పెద్దవాళ్ళే. ఇప్పుడు కోడలు అదే మాట ప్రైవసీ అని అంటే మాత్రం కోపం వస్తోంది.

పద్మజ_తెనాలి:
దిష్టి వేరు ఇది వేరు అమ్మా. నా స్టేటస్ చూసేది మా అక్కచెల్లెళ్ళు, మా వీధి వాళ్ళు, నాతో పాటు స్కూల్లో పనిచేసి రిటైరైన టీచర్లు. వాళ్ళు దిష్టి పెట్టేవాళ్ళు కాదు.

హైటెక్_కిరణ్:
ఆంటీ, సెట్టింగ్స్‌లో స్టేటస్ ప్రైవసీకి వెళ్తే ఓన్లీ షేర్ విత్ అని ఉంటుంది, అక్కడ కావాల్సిన వాళ్ళని మాత్రమే సెలెక్ట్ చేసుకోవచ్చు. ఎలాగూ 24 గంటల్లో పోతుంది. ప్రాబ్లం సాల్వ్‌డ్.

అమలాపురం_అమ్మాయి:
సాల్వ్ ఏమీ అవ్వదు కిరణ్ గారూ. స్క్రీన్‌షాట్ తీస్తే పెట్టినవాళ్ళకి తెలియను కూడా తెలియదు. 24 గంటలు కాదు 24 సెకన్లు చాలు.

డల్లాస్_రవి:
నేను వేరే యాంగిల్ చెప్తా. మా అమ్మ నల్గొండ దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. రోజూ పొద్దున ముగ్గు వేసి దాని ఫొటో స్టేటస్ పెడుతుంది. నేను ఇక్కడ రాత్రి పడుకునే ముందు అది చూసి పడుకుంటా. ఒకరోజు రాకపోతే ఫోన్ చేస్తే జ్వరం అని చెప్పింది, నేను అడక్కపోతే చెప్పేది కూడా కాదు. మీరందరూ ప్రైవసీ ప్రైవసీ అంటున్నారు కానీ దూరంగా ఉన్నవాళ్ళకి ఆ ఫొటోనే మనిషి. మా పిల్లల ఫొటోలు నేను రోజూ పెడతా, మా అమ్మ చూస్తుంది, మా ఊరంతా చూస్తుంది, నాకేం భయం లేదు.

అమలాపురం_అమ్మాయి:
ముగ్గు ఫొటోకీ పిల్లల ఫొటోకీ పోలిక ఏంటండీ? ముగ్గు పెద్దదై స్కూలుకి వెళ్ళదు.

డల్లాస్_రవి:
పోలిక కాదు, మనుషులు ఎందుకు ఫొటోలు పెడతారో చెప్తున్నా. చదివి రిప్లై ఇవ్వండి.

బెజవాడ_లక్ష్మి:
స్కూలు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మావాడికి తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించే ముందు మా అత్తగారు ముచ్చటపడి పూలజడ వేసి, లంగా జాకెట్ కట్టి ఫొటో తీయించారు, మనందరి ఇళ్ళల్లో ఉండేదే. అది అప్పట్లో ఫేస్‌బుక్‌లో పెట్టి అందరినీ ట్యాగ్ చేశాం. ఇప్పుడు వాడు ఎనిమిదో క్లాసు. ఎవడో పిల్లాడు వాళ్ళమ్మ ఫోన్లో ఆ ఫొటో దొరకబుచ్చుకుని క్లాసు గ్రూపులో పెట్టాడు. మావాణ్ణి జడ జడ అని పిలుస్తున్నారంట. వారం రోజులు స్కూలుకి వెళ్ళనని ఏడ్చాడు. ఆ ఫొటో తీయించినందుకు నాకు బాధ లేదు, ఇప్పటికీ చూస్తే ముద్దొస్తాడు. కానీ అది మా ఇంట్లో ఉండాల్సింది.

స్టూడియో_మావయ్య:
లక్ష్మమ్మా, నువ్వు చెప్పిన పూలజడ ఫొటోలు మా స్టూడియోలో వందల్లో తీశాను. పిల్లని కుర్చీలో పక్కకి తిప్పి కూర్చోబెట్టి వెనకాల నిలువుటద్దం పెట్టేవాళ్ళం, మొహం మొహమూ కనపడాలి, అద్దంలో జడా కనపడాలి. అద్దంలో ఫ్లాష్ కొట్టకుండా లైటు పెట్టడమే పెద్ద పని. ఫిల్ము రోలుకి 36 ఫొటోలు, ఒక్కటి పాడైనా డబ్బులు పోయినట్టే, అందుకని ఏది తియ్యాలో ఆలోచించి తీసేవాళ్ళు. ప్రింటు ఫ్రేము కట్టించి హాల్లో మేకు కొట్టి తగిలించేవాళ్ళు. ఇంటికొచ్చినవాళ్ళు చూస్తారు. చూడాలంటే గడప దాటి రావాలి, కాఫీ తాగాలి, ఈ పిల్లాడెవరండీ అని అడగాలి. ఇప్పుడా గడప లేదు. నా దృష్టిలో అసలు గొడవ పెట్టడం గురించి కాదు, ప్రింటు వేయించుకోకపోవడం గురించి. పద్మజ గారూ ఆ ఫొటో ప్రింటు వేయించుకుని హాల్లో పెట్టుకోండి, ఏ కోడలూ కాదనదు.

కొత్తగూడెం_సత్యం:
మావయ్యా ఇప్పుడు హాల్లకు వచ్చి కూసునేటోళ్ళెవరు? అందరు స్టేటస్‌లనే కూసుంటున్నరు.

లా_పాయింట్:
ఎవరూ చట్టం సంగతి మాట్లాడట్లేదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల బెంచ్ ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. 2023లో డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, అందులో 18 ఏళ్ళ లోపు అందరూ పిల్లలే, వాళ్ళ డేటా వాడాలంటే కంపెనీలు తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో అయితే 2024 ఫిబ్రవరిలో ఏకంగా పిల్లల ఫొటోల విషయంలోనే చట్టం చేశారు, పిల్లల ఇమేజ్ హక్కుని తల్లీ తండ్రీ ఇద్దరూ కలిసి కాపాడాలి అని. నాయనమ్మ అనే మాట ఎక్కడా లేదు.

డల్లాస్_రవి:
సగమే చెప్పకండి సార్. ఇంటి అవసరానికి, సొంతానికి మనిషి వాడుకునే దానికి ఆ 2023 చట్టం వర్తించదని అందులోనే ఉంది. నాయనమ్మ స్టేటస్ మీదికి ఆ చట్టం రాదు.

లా_పాయింట్:
స్టేటస్‌లో ఎన్ని వందల మంది ఉన్నా అది ఇంటి అవసరమేనా అన్నది ఆలోచించాలి.

డల్లాస్_రవి:
ఉంది అన్నది ఒప్పుకోండి ముందు.

లా_పాయింట్:
ఉంది. దాని అర్థం మీరు చెప్పినంత సింపుల్ కాదు.

పద్మజ_తెనాలి:
నేను మా ఇంటి విషయం అడిగితే మీరు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఒక్కటి చెప్పండి నాకు. నన్ను తీసెయ్యమన్న మర్నాడే మా కోడలి చెల్లెలి ఇన్‌స్టాగ్రామ్‌లో అదే అన్నప్రాసన ఫొటోలు ఉన్నాయి, మా ఆడపడుచు కూతురు చూపించింది. పాప వాళ్ళమ్మమ్మ భుజం మీద ఉన్న ఫొటో. దానికి లేని ప్రైవసీ నా దానికి ఎక్కడి నుంచి వచ్చింది?

కొత్తగూడెం_సత్యం:
ఇప్పుడొచ్చింది అసలు ముచ్చట.

బెజవాడ_లక్ష్మి:
అది మాత్రం తప్పేనండీ. రూలు అంటే అందరికీ ఒకటే ఉండాలి.

అమలాపురం_అమ్మాయి:
ఆ ఫొటోలో పాప మొహం కనపడుతోందా? భుజం మీద ఉంటే వీపు కనపడుతుంది. మేమూ అలాగే పెడతాం, వెనక నుంచి తీసినవి.

పద్మజ_తెనాలి:
ఏదో ఒకటి చెప్పి నన్నే తప్పు చెయ్యాలని చూస్తున్నావు నువ్వు. మీ అత్తగారితో కూడా ఇలాగే మాట్లాడతావా?

అమలాపురం_అమ్మాయి:
మా అత్తగారి సంగతి అడిగారు కాబట్టి చెప్తాను పిన్నిగారూ. నాకు ఆపరేషన్ చేసి బాబుని తీశారు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, నోరు ఎండిపోయి, జుట్టంతా చెదిరిపోయి, చేతికి సెలైన్, హాస్పిటల్ గౌను. మా అత్తగారు బాబుని నా పక్కన పడుకోబెట్టి ఫొటో తీసి మహాలక్ష్మి కాదు మహారాజు పుట్టాడు అని స్టేటస్ పెట్టారు. నేను కళ్ళు తెరిచేసరికి మా ఆఫీసు మేనేజర్ కూడా చూసి కంగ్రాట్స్ పెట్టాడు, ఆయన నంబరు ఆవిడ దగ్గర ఎందుకుందో నాకిప్పటికీ తెలీదు. తీసెయ్యండి అత్తయ్యా అంటే, బాబు ఫొటో కదమ్మా నీదేముంది అన్నారు. బాబు వెనకాల నేనున్నాను. ఆవిడకి నేను కనపడలేదు. మీ కోడలు ఎందుకు వద్దందో నాకు తెలీదు, కానీ ఫొటో పెట్టిన ప్రతి ఒక్కరూ పాపని చూస్తారు, పాపని కన్నదాన్ని ఒక్కమాట అడగాలని ఎవరికీ తోచదు. నా కోపం అది. ప్రైవసీ అని చెప్తే మర్యాదగా ఉంటుందని అలా చెప్తాం.

డల్లాస్_రవి:
సారీ అండీ. ఇది ముందే చెప్పి ఉంటే నేను ముగ్గు గురించి వాదించేవాణ్ణి కాదు.

బెజవాడ_లక్ష్మి:
మనసు కలిచేసింది తల్లీ.

పద్మజ_తెనాలి:
చదివాను. అలా పెట్టడం చాలా తప్పు, నేనైతే ఒప్పుకోను. కానీ నాది కూడా విను. నా కొడుకు అన్నప్రాసనకి ఫొటోగ్రాఫర్ని పిలిచారు, ఆల్బమ్ ఇప్పటికీ ఉంది. మా అత్తగారి ఒళ్ళో వాడు, మా మావగారి ఒళ్ళో వాడు, మా ఆడపడుచులు ఎత్తుకుని. ఒక్క ఫొటోలో కూడా నేను లేను. నేను వంటింట్లో పులిహోర కలుపుతున్నా, భోజనాలకి వంద మంది. ఫొటోకి రావే అని పిలిచినవాళ్ళు లేరు. ఆ ఆల్బమ్ చూసినవాళ్ళకి వాడికి తల్లి లేదేమో అనిపిస్తుంది. ఇప్పుడు మనవరాలికి వియ్యాలవారింట్లో చేశారు, నేను చుట్టంలా వెళ్ళి చుట్టంలా వచ్చాను, ఒక్క ఐదు నిమిషాలు పాపని నా ఒళ్ళో కూర్చోబెట్టారు, పాయసం వేలితో నాకిస్తుంటే అది నా వేలు గట్టిగా పట్టుకుంది. ఆ ఒక్క ఫొటో పెట్టుకున్నా నేను. మా వాళ్ళందరికీ చూపించుకోవాలనిపించింది, నేనూ అక్కడ ఉన్నాను అని.

స్టూడియో_మావయ్య:
అమ్మా నువ్వు చెప్పింది నిజం. నేను తీసిన ఫంక్షన్లన్నిట్లో ఆ ఇంటి కోడలు ఎప్పుడూ ఉండేది కాదు, ఆఖర్న ఎవరో పిలిస్తే కొంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చేది, అప్పటికి రోలు అయిపోయేది.

అమలాపురం_అమ్మాయి:
పిన్నిగారూ, మిమ్మల్ని ఆల్బమ్‌లో పెట్టనందుకు నాకూ బాధగానే ఉంది. కానీ అప్పుడు మిమ్మల్ని అడగలేదు, ఇప్పుడు తనని అడగలేదు. రెండుసార్లూ అడగనిది తల్లినే.

పద్మజ_తెనాలి:
నేనే అత్తగారినైపోయానా ఇప్పుడు?

హైటెక్_కిరణ్:
ఆంటీ గూగుల్ ఫొటోస్‌లో షేర్డ్ ఆల్బమ్ పెట్టుకోమనండి, ఎవరిని యాడ్ చేస్తే వాళ్ళే చూస్తారు, మీరు కూడా ఫొటోలు వెయ్యొచ్చు. కాకపోతే 2021 జూన్ నుంచి అన్‌లిమిటెడ్ ఫ్రీ లేదు, 15 జీబీ దాటితే డబ్బులు కట్టాలి.

స్టూడియో_మావయ్య:
ఆల్బమ్ అంటే కాగితం ఉండాలి బాబూ. పద్మజ గారూ, ఆ ఒళ్ళో ఫొటో 8 బై 10 ప్రింటు వేయించండి. కానీ గ్రూపులో వచ్చింది ఇవ్వకండి, వాట్సాప్‌లో సైజు తగ్గిపోతుంది, పాప వేళ్ళు మసకగా వస్తాయి. ఒరిజినల్ ఎవరి ఫోన్లో ఉంటే వాళ్ళని డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

పద్మజ_తెనాలి:
మా అబ్బాయి తీసింది వాళ్ళావిడ ఫోన్‌తోనే. ఒరిజినల్ తన దగ్గరే ఉంటుంది.

బెజవాడ_లక్ష్మి:
అయితే ఇంకేం, తనకే ఫోన్ చేసి అడగండి. మీ అబ్బాయి ద్వారా కాకుండా.

పద్మజ_తెనాలి:
అడుగుతాను. ప్రింటు వేయించుకుంటున్నానని కూడా చెప్తాను, హాల్లో పెడతానని కూడా చెప్తాను. కానీ తను నాకు నేరుగా ఫోన్ చెయ్యకుండా వాడి చేత చెప్పించింది, ఆ సంగతి కూడా అదే ఫోన్లో అడుగుతాను. అడిగితే తప్పేంటో మీరే చెప్పండి.

అమలాపురం_అమ్మాయి:
అడగండి. ముందు ఫొటో అడగండి, అది మాత్రం తర్వాత.