డెబియన్ 12లోని ప్యాకేజీలన్నీ డెబియన్ 13 మెషీన్‌లోకి ఒకేసారి తెచ్చుకోవడం ఎలా?

బందరు_డీటీపీ:
మాది బందరులో చిన్న డీటీపీ షాపండి. శుభలేఖలు, కరపత్రాలు అన్నీ డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత మెషీన్ మీదే. ఇంక్‌స్కేప్, స్క్రైబస్, స్కానింగ్‌కి టెసెరాక్ట్ తెలుగు ప్యాకేజీ, లోహిత్ ఫాంట్లు... ఇంకా ఏమేం వేశానో గుర్తు లేదు. కొత్త మెషీన్‌లో డెబియన్ 13 వేశాను. పాతదాంట్లో డీపీకేజీ (ప్యాకేజీలు వేసే టూల్) గెట్-సెలెక్షన్స్ కొట్టి, ప్యాకేజీల లిస్టుని ఫైల్లోకి తీసి, కొత్తదాంట్లో సెట్-సెలెక్షన్స్‌కి ఇస్తే "ప్యాకేజ్ నాట్ ఇన్ డేటాబేస్" అని వార్నింగులే వార్నింగులు. అసలే ముహూర్తాల సీజన్, టెన్షన్‌గా ఉంది.

పెంగ్విన్_బాబు:
డీపీకేజీకి ఇంకా వేయని ప్యాకేజీల సంగతి తెలీదండి. ముందు ఆప్ట్-క్యాష్ డంప్‌అవైల్ (దొరికే ప్యాకేజీల వివరాలు చూపే కమాండ్) ఔట్‌పుట్‌ని డీపీకేజీ మెర్జ్-అవైల్‌కి ఇవ్వండి. తర్వాత సెట్-సెలెక్షన్స్, ఆపైన ఆప్ట్-గెట్ డీసెలెక్ట్-అప్‌గ్రేడ్. అయిపోతుంది.

పాత_అడ్మిన్:
వార్నింగులు తగ్గుతాయి, నిజమే. కానీ 12 లిస్టుని 13 మీద రుద్దకండి. 2038 సమస్య (పాత 32-బిట్ టైమ్ లెక్క ఆ ఏడాది నిండిపోవడం) కోసం 13లో చాలా లైబ్రరీల పేర్లే మార్చారు. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 ఇప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64. మీ లిస్టులో సగానికి పైగా ఇలాంటి డిపెండెన్సీలే (వేరే ప్యాకేజీల కోసం వాటంతటవే వచ్చినవి) ఉంటాయి. పైగా అలా వేసినవన్నీ మీరు కోరి వేసుకున్నట్టు నమోదవుతాయి, ఇక అక్కర్లేని డిపెండెన్సీల్ని తీసేసే ఆటోరిమూవ్ వాటి జోలికి పోదు.

పాత మెషీన్‌లో ఆప్ట్-మార్క్ షోమాన్యువల్ కొట్టండి. మీరు అడిగి వేసుకున్నవే వస్తాయి. ఇన్‌స్టాలర్ వేసినవీ కొన్ని కలుస్తాయి, పర్లేదు. లినక్స్-ఇమేజ్-6.1 లాంటి కెర్నల్ లైన్లు మాత్రం తీసేయండి.

ఇక ఆప్ట్‌కి ఒక పాడు అలవాటుంది: ఒక్క పేరు దొరక్కపోయినా మొత్తం పని ఆపేస్తుంది. అందుకని కొత్త మెషీన్‌లో ఆప్ట్-క్యాష్ పీకేజీనేమ్స్ ఔట్‌పుట్‌నీ మీ లిస్టునీ సార్ట్ చేసి, లిస్టుని ముందు పెట్టి కామ్ (రెండు లిస్టుల్ని పోల్చే కమాండ్) నడపండి. మైనస్ 12 ఇస్తే రెండింటిలోనూ ఉన్నవి వస్తాయి, వాటిని ఎక్సార్గ్స్‌తో (లిస్టులోని పేర్లని వేరే కమాండ్‌కి అందించేది) ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్‌కి ఇవ్వండి. మొదటిసారి మైనస్ ఎస్ పెట్టండి, ఏం చేయబోతోందో చూపించి ఊరుకుంటుంది. మైనస్ 23 ఇస్తే 13లో ఆ పేరుతో లేనివి వస్తాయి. అవి తక్కువే ఉంటాయి, కళ్లతో చూసుకోండి.

బందరు_డీటీపీ:
కామ్ ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు సార్! మొదట తీసిన ఫైల్లో కొన్నిటి పక్కన డీఇన్‌స్టాల్ అని ఉంది, అదేంటి? ఇంకోచోట ముందు క్లియర్-సెలెక్షన్స్ కొట్టమని రాశారు, కొట్టనా?

పాత_అడ్మిన్:
వద్దు! అది తప్పనిసరివి తప్ప మిగతా అన్నిటికీ తీసేయమని గుర్తు పెడుతుంది. దాని వెనకే డీసెలెక్ట్-అప్‌గ్రేడ్ కొడితే డెస్క్‌టాప్ కూడా ఎగిరిపోతుంది. డీఇన్‌స్టాల్ అంటే ప్యాకేజీ తీసేశారు, దాని కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలాయి అని. వదిలేయండి. ఏదైనా వెర్షన్ మారకుండా హోల్డ్‌లో పెట్టి ఉంటే అది షోమాన్యువల్‌లో తెలీదు, షోహోల్డ్ విడిగా చూడాలి.

పెంగ్విన్_బాబు:
అన్నా, శుభలేఖల ఫాంట్లు చాలామంది చేత్తో కాపీ చేసుకుంటారు కదా, అవి?

పాత_అడ్మిన్:
మంచి మాట అడిగావు తమ్ముడూ. అవి ఏ ప్యాకేజీ లిస్టులోనూ రావు. బందరు గారూ, /యూఎస్‌ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్, మీ హోమ్‌లోని డాట్ ఫాంట్స్ ఫోల్డర్ రెండూ చూసి కాపీ చేసుకోండి, ఆపైన ఫాంట్ల జాబితా మళ్లీ తయారయ్యేలా ఎఫ్‌సీ-క్యాష్ మైనస్ ఎఫ్ కొట్టండి. పాత డిస్క్‌ని ఈ సీజన్ అయ్యేదాకా ఫార్మాట్ చేయకండి.