గ్లాస్గో నాటికల్ కాలేజీ పాత రికార్డులు ఇప్పుడు ఎవరి దగ్గర ఉంటాయి?

మా మామగారు విశాఖ నుంచి మర్చంట్ నేవీలోకి వెళ్లి, 1980ల్లో గ్లాస్గో కాలేజ్ ఆఫ్ నాటికల్ స్టడీస్‌లో మెరైన్ ఇంజనీరింగ్ చదివారు. సర్టిఫికెట్ మడతల దగ్గర చిరిగి, నంబరులో చివరి అంకెలు పోయాయి. కాలేజీ పేరు మాత్రం చక్కగా కనిపిస్తోంది. తీరా చూస్తే ఆ పేరుతో ఇప్పుడు కాలేజీయే లేదు!

2010లో దీన్ని, సెంట్రల్ కాలేజీని, గ్లాస్గో మెట్రోపాలిటన్‌ని కలిపి సిటీ ఆఫ్ గ్లాస్గో కాలేజీ చేశారు. ఆ మెట్రోపాలిటన్ కూడా 2005లో బిల్డింగ్ అండ్ ప్రింటింగ్ కాలేజీ, ఫుడ్ టెక్నాలజీ కాలేజీ కలిస్తే పుట్టిందే. వంశవృక్షం గీసుకోవాల్సిందే. క్లైడ్ నది ఒడ్డున థిసిల్ స్ట్రీట్‌లో నాటికల్ కాలేజీ ఉన్నచోటే 2015లో రివర్‌సైడ్ క్యాంపస్ తెరిచారు. సిటీ క్యాంపస్ మరుసటి ఏడాది వచ్చింది.

నా అనుమానమల్లా ఒకటే. 1993 దాకా అక్కడి కాలేజీలు స్ట్రాత్‌క్లైడ్ రీజినల్ కౌన్సిల్ అనే స్థానిక ప్రభుత్వ సంస్థ కింద ఉండేవి. మరి అప్పటి విద్యార్థుల రికార్డులు కొత్త కాలేజీకి చేరాయా, మిచెల్ లైబ్రరీలోని సిటీ ఆర్కైవ్స్‌కి వెళ్లాయా? ముందు ఎవరికి రాయమంటారు? ఆయన తరఫున నేను అడిగితే ఇస్తారా, ఆయన సంతకంతో లెటర్ కావాలా? అక్కడ చదివినవాళ్లు, గ్లాస్గోలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.