తలుపుకు కోర్టు కాగితం అంటించారు, అద్దె సహాయం ఎవరు ఇస్తారు?

గోదారి గట్టు:
మధ్యాహ్నం నుంచి కంప్యూటర్ ముందే కూర్చున్నాను, ఇక బుర్ర పనిచేయడం లేదు. ఇక్కడ అమెరికాలో అద్దె సహాయం కోసం వెతికితే కనిపించే పేజీల్లో సగం 2021 నాటివి. ఒకటి తెరిస్తే దరఖాస్తులు తీసుకోవడం లేదంటుంది. ఇంకొకటి ఆదాయం, కుటుంబం, బ్యాంకు వివరాలు అన్నీ నింపించుకుని చివరి పేజీలో ఇంటి యజమాని డబ్ల్యూ-9 (పన్ను వివరాల) పత్రం జతచేయమంటుంది. లీజింగ్ ఆఫీసును అడిగితే తమ లాయరుతో మాట్లాడుకోమంటారు. ఆ లాయరు ఆఫీసులో ఫోను ఎత్తే దిక్కు లేదు. నేను హెచ్1బీ వీసాతో, ప్రాజెక్టు లేక బెంచి మీద ఉన్నాను, జీతం రావడం లేదు. రెండు నెలల అద్దె బాకీ పడింది. ఇంతకీ అత్యవసర అద్దె సహాయం నిజంగా ఇచ్చేవాళ్లు ఉన్నారా? కోర్టు తేదీలోపు డబ్బు రాకపోతే పోలీసులు వచ్చి సామాను బయట పడేస్తారా? తెలిసినవాళ్లు మాత్రమే చెప్పండి, దయచేసి.

కారప్పొడి:
ఏ రాష్ట్రం?

ప్లేనో నుంచి:
తమ్ముడూ, కంగారు పడకు. ముందు ఇల్లు ఖాళీ చేయమని మూడు రోజుల నోటీసు ఇచ్చారా లేదా చూడు. అది ఇవ్వకుండా కేసు వేస్తే చెల్లదు. కేసు జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టులో నడుస్తుంది. తీర్పు నీకు వ్యతిరేకంగా వస్తే అప్పీలుకు అయిదు రోజుల గడువు. ఫీజు కట్టే స్తోమత లేదని ప్రమాణ పత్రం ఇస్తే రుసుము లేకుండానే అప్పీలు తీసుకుంటారు, కాకపోతే అద్దె మాత్రం కోర్టులో జమ చేస్తూ ఉండాలి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒకరికి ఇలాగే జరిగితే నేనే వెంట వెళ్లాను.

కారప్పొడి:
అది టెక్సాస్. ఆయన టెక్సాస్ అని చెప్పలేదు.

పాత కాపు:
అసలు విషయం ఎవరూ పట్టించుకోవడం లేదు. బెంచి మీద ఉన్నాను, జీతం లేదు అంటున్నారు. హెచ్1బీ మీద ఉన్నవారికి ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా కంపెనీ జీతం ఇచ్చి తీరాలి. అది దయాధర్మం కాదు, చట్టం. పని లేదని జీతం ఆపితే కార్మిక శాఖలోని వేతన విభాగానికి డబ్ల్యూహెచ్-4 అనే పత్రంతో ఫిర్యాదు చేయవచ్చు. ఉల్లంఘన జరిగిన పన్నెండు నెలల్లోపు చేయాలి. మనవాళ్లు వీసా భయంతో నోరు మూసుకుని కూర్చుంటారు, క్రెడిట్ కార్డుల మీద బతుకుతారు, ఇలా ఇంటి మీదికి వచ్చాక గ్రూపుల్లో సహాయం అడుగుతారు. ఈ కన్సల్టెన్సీల సంగతి పదేళ్లుగా రాస్తూనే ఉన్నాను. ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, మెసేజీలు అన్నీ దాచుకోండి. కంపెనీ మీ ఉద్యోగం తీసేసిందా, తీసేయకుండా జీతం మాత్రం ఆపిందా? తీసేస్తే కొత్త ఉద్యోగం చూసుకోవడానికో దేశం విడిచి వెళ్లడానికో ఉండే అరవై రోజుల లెక్క మొదలవుతుంది. అద్దె కంటే అది పెద్ద విషయం.

గోదారి గట్టు:
న్యూజెర్సీ అండీ, మిడిల్‌సెక్స్ కౌంటీ. చెప్పాననుకున్నాను. పాత కాపు గారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ కార్మిక శాఖ తేల్చేలోపు నేను రోడ్డు మీద ఉంటాను.

ట్రెంటన్ తెలుగు:
న్యూజెర్సీ అయితే పైన టెక్సాస్ గురించి చెప్పినది పక్కన పెట్టండి. ఇక్కడ ఇవి సుపీరియర్ కోర్టులోని స్పెషల్ సివిల్ పార్టులో, యజమాని-అద్దెదారు విభాగంలో నడుస్తాయి. 1974 నాటి చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా అద్దెదారును ఖాళీ చేయించలేరు. అద్దె బాకీ ఆ కారణాల్లో ఒకటి.

పోలీసులు వచ్చి సామాను పడేయడం అంటూ ఉండదు. కోర్టు తీర్పు రావాలి, ఆ తరువాత మూడు పనిదినాలు గడవాలి, అప్పుడు ఇల్లు ఖాళీ చేయించే వారెంటు జారీ అవుతుంది. దాన్ని అందజేసేది కోర్టు అధికారి. అందిన తరువాత మళ్లీ మూడు పనిదినాలు. యజమాని తనంతట తాను తాళం మారిస్తే అది నేరం, అప్పుడు పోలీసులను మీరే పిలవవచ్చు.

మీకు పనికివచ్చే ముఖ్యమైన మాట ఇది. విచారణ తేదీ నాటికి బాకీ, కోర్టు ఖర్చులు మొత్తం కట్టేస్తే కేసు కొట్టేస్తారు. తీర్పు వచ్చాక కూడా, చివరికి తాళం వేశాక మూడు పనిదినాల వరకు పూర్తి మొత్తం కడితే యజమాని తీసుకోవాల్సిందే. ఏదైనా సంస్థ కడతానని రాసి ఇస్తే ఆ సంస్థతో సహకరించాల్సిన బాధ్యత కూడా యజమాని మీద ఉంది. కాబట్టి ఆ లాయరుకు ఫోను మానేయండి. యజమాని కంపెనీ అయితే దాని తరఫున ఈ కోర్టులో లాయరే హాజరు కావాలి కాబట్టి ఫిర్యాదు పత్రం మీద అతని వివరాలు ఉంటాయి. డబ్ల్యూ-9, తాజా లెడ్జరు (అద్దె బాకీల లెక్క) కావాలని ఈ-మెయిలు పంపండి. అడిగిన రుజువు మీ చేతిలో ఉంటుంది.

లెడ్జరు రాగానే ఒక్కో పద్దు చూడండి. ఆలస్య రుసుములు, లాయరు ఫీజులు అదనపు అద్దె కిందికి వస్తాయని లీజులో రాసి ఉంటేనే వాటిని ఈ బాకీలో కలపాలి. చాలామంది అడగకుండానే కట్టేస్తారు.

కారప్పొడి:
విచారణకు వెళ్లకపోతే డిఫాల్టు తీర్పు, అంటే మీ మాట వినకుండానే మీకు వ్యతిరేకంగా. ఎంత చట్టం చెప్పుకున్నా అప్పుడు అంతే. వెళ్లండి.

ప్లేనో నుంచి:
నోటీసు లేకుండా కేసు ఎలా చెల్లుతుందండీ? అమెరికా అంతటా నోటీసు ఇవ్వాలి.

ట్రెంటన్ తెలుగు:
న్యూజెర్సీలో మామూలు అద్దె బాకీ కేసుకు ముందస్తు నోటీసు అవసరం లేదు. సబ్సిడీ ఇళ్లు వంటివి వేరు.

ప్లేనో నుంచి:
కరోనా సమయంలో వచ్చిన 2020 నాటి కేర్స్ చట్టంలో 30 రోజుల నోటీసు ఉంది. కేంద్రం హామీ ఉన్న గృహరుణంతో కొన్న కాంప్లెక్సులన్నిటికీ వర్తిస్తుంది. చదువుకుని మాట్లాడాలి.

ట్రెంటన్ తెలుగు:
అది ఇంకా అమల్లో ఉందా లేదా అన్న విషయంలో కోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. లాయరు దొరికితే ఆ వాదన ఆయన చేస్తాడు. దాన్ని నమ్ముకుని విచారణకు వెళ్లకుండా కూర్చోవద్దు.

అరుగు మీద:
మన దగ్గరైతే ఇంత హడావిడి ఉండదు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద హైదరాబాదులో వేసిన కేసులు తండ్రి వేస్తే కొడుకు నడిపినవి ఉన్నాయి. మా పెదనాన్న గారి ఇల్లే సాక్ష్యం. అద్దెదారు ఆ ఇంట్లో ముసలివాడయ్యాడు, మా పెదనాన్న కోర్టు మెట్ల మీద ముసలివారయ్యారు. అక్కడ యజమాని ఏడుస్తాడు, ఇక్కడ అద్దెదారు ఏడుస్తాడు. అద్దెలు వసూలు కాకపోతే ఇంటి అప్పు, ఆస్తి పన్ను ఎవరు కడతారో కూడా ఈ చర్చలో ఒకరు అడగాలి. సహాయం సహాయం అంటారు, అది ఎవరి పన్ను?

పాత కాపు:
కరోనా కాలంలో కేంద్రం రెండు విడతలుగా 46 బిలియన్ డాలర్లకు పైగా అద్దె సహాయం కింద ఇచ్చింది. దానిలో ఎక్కువ భాగం నేరుగా యజమానుల ఖాతాల్లోకే వెళ్లింది. కాబట్టి యజమానులు ఏడ్చిందేమీ లేదు.

అరుగు మీద:
నేను అమెరికా యజమానుల గురించి అనలేదు.

కారప్పొడి:
అన్నారు.

గోదారి గట్టు:
ఆ 46 బిలియన్లలో ఇప్పుడు ఏమైనా మిగిలిందా? నేను తెరిచిన పేజీ అదే అనుకుంటాను.

ట్రెంటన్ తెలుగు:
ఆ తలుపు మూసుకుపోయి చాలాకాలమైంది. ఇప్పుడున్నవి వేరు. సహాయ సంస్థల వివరాలు చెప్పే 211 నంబరుకు ఫోను చేసి విచారణ తేదీ చెప్పండి, మీ కౌంటీలో ఎవరి దగ్గర నిధులు ఉన్నాయో వాళ్లకు తెలుస్తుంది. ఇల్లు పోకుండా ఆపే రాష్ట్ర పథకం ఒకటి స్థానిక సంస్థల ద్వారా నడుస్తుంది. సాధారణంగా కోర్టు సమన్లు చూపించాలి. కౌంటీ సోషల్ సర్వీసెస్ ఇచ్చే అత్యవసర సహాయం నగదు భృతి పొందేవారి కోసం ఉద్దేశించినది, హెచ్1బీ మీద ఉన్నవారికి రాదు, అక్కడ సమయం పోగొట్టుకోవద్దు. కాథలిక్ చారిటీస్, సాల్వేషన్ ఆర్మీ, సెయింట్ విన్సెంట్ డి పాల్ వంటివాళ్లు పాస్‌పోర్టు అడగరు, లీజు అడుగుతారు. ఎవరూ మీ చేతికి డబ్బు ఇవ్వరు, యజమానికే చెక్కు పంపుతారు.

తులసికోట:
ఏ సహాయమూ తీసుకోవద్దు అన్నయ్యా! పబ్లిక్ చార్జ్, అంటే ప్రభుత్వం మీద ఆధారపడి బతికేవాళ్లు అనే లెక్క కిందికి వస్తుంది. రేపు గ్రీన్ కార్డు ఆగిపోతుంది. మావారు కిరాణా కూపన్లు కూడా వద్దన్నారు.

ట్రెంటన్ తెలుగు:
2022 నాటి నిబంధనలో లెక్కలోకి వచ్చేవి జీవనభృతి కోసం ఇచ్చే నగదు, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం సంస్థల్లో ఉంచి చూడటం, అంతే. ఒకసారి ఇచ్చే అద్దె సహాయం అందులో లేదు. చర్చి ఇచ్చే చెక్కు అసలు ప్రభుత్వ సొమ్మే కాదు. అయితే ఆ నిబంధనను మార్చే ప్రతిపాదన 2025 నవంబరులో వెలువడింది కాబట్టి గ్రీన్ కార్డు వరుసలో ఉంటే వలస లాయరును ఒక మాట అడగండి. కిరాణా కూపన్ల సంగతి నాకెందుకు గానీ, అవి కూపన్లే.

గోదారి గట్టు:
లీజు అడుగుతారా? లీజు నా పేరు మీద లేదు. నా స్నేహితుడి పేరు మీద ఉంది. అతను వేసవిలో ఇండియా వెళ్లిపోయాడు, ఇక రాడు. నేను ప్రతి నెలా డబ్బు పంపే యాప్ జెల్‌లో అతనికి పంపేవాణ్ణి, అతను ఆఫీసుకు కట్టేవాడు. కాగితం మీద కూడా అతని పేరే ఉంది.

కారప్పొడి:
ఈ మాట మొదట చెప్పాలి.

అరుగు మీద:
అతను కట్టాడా మరి?

గోదారి గట్టు:
మే వరకు నేను పంపినవన్నీ కట్టాడు. ఆ తరువాతవి నేనే పంపలేదు. పంపితే కట్టేవాడే.

పాత కాపు:
డిపాజిట్?

గోదారి గట్టు:
అతనికే ఇచ్చాను.

ట్రెంటన్ తెలుగు:
అయితే పరిస్థితి మారింది. కేసులో ప్రతివాది మీ స్నేహితుడు, మీరు కాదు. ఆ ఇంట్లో మీ హక్కు ఎంత అన్నది లాయరు తేల్చాలి. ఒక చిక్కు ఉంది. కేంద్ర నిధులతో నడిచే న్యాయ సహాయ సంస్థలు హెచ్1బీ వారి కేసులు తీసుకోకూడదని నిబంధన. అందువల్ల ఫోను చేసిన చోటల్లా మీ నిధులు కేంద్రానివా, మీరు నా కేసు తీసుకోగలరా అని మొదటే అడగండి. లా కాలేజీల ఉచిత క్లినిక్‌లు కూడా చూడండి. కోర్టు భవనంలో ఆంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంటుంది. వాళ్లు సలహా ఇవ్వరు కానీ ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

ఈలోగా స్నేహితుడి చేత చేయించవలసిన పని ఒకటి ఉంది. ఈ సాయంత్రమే అతనికి ఫోను చేయండి, అక్కడ తెల్లవారుతూ ఉంటుంది. మీరు అక్కడ ఉంటున్నారని, తన తరఫున బాకీ కట్టడానికీ లెడ్జరు తెచ్చుకోవడానికీ ఒప్పుకుంటున్నానని లీజింగ్ ఆఫీసుకు తన ఈ-మెయిలు నుంచి రాయమనండి. సహాయ సంస్థకు దరఖాస్తు కూడా అతని పేరు మీదనే వెళ్లాల్సి రావచ్చు, అదీ ముందే అడగండి. విచారణకు మీరు వెళ్లి, ఆ ఇంట్లో ఉంటున్నది నేనేనని, డబ్బు ఏర్పాటు చేస్తున్నానని చెప్పండి. జెల్ రసీదులు ప్రింటు తీసుకుని వెళ్లండి. ఫోనులో చూపిస్తే ఎవరూ చూడరు.

కారప్పొడి:
డాకెట్ నంబరు (కేసు నంబరు) రాసుకున్నారా? క్లర్కు అడిగే మొదటి ప్రశ్న అదే.

పాత కాపు:
స్నేహితుడు రాసి ఇస్తే ఎవిక్షన్ (ఇల్లు ఖాళీ చేయించడం) అతని పేరు మీదే పడుతుంది కదా, అతను ఎందుకు రాస్తాడు? ఇప్పటికే అతని మీద ఎవిక్షన్ ఉంది.

ట్రెంటన్ తెలుగు:
ఎవిక్షన్ లేదు, కేసు ఉంది. రెండూ ఒకటి కాదు. తీర్పు వస్తే, వారెంటు అమలైతే అప్పుడు ఎవిక్షన్. ఇప్పుడు డబ్బు కట్టేస్తే కొట్టివేసిన కేసుగా మిగులుతుంది.

పాత కాపు:
ఇల్లు అద్దెకు ఇచ్చేవాడికి ఆ తేడా ఉండదు. కేసు పడిందంటే అద్దెదారుల పాత చరిత్ర చూసే స్క్రీనింగ్ కంపెనీ రిపోర్టులో ఏడేళ్ల వరకు చూపించవచ్చు. ఇండియాలో ఉన్నవాడికి ఇబ్బంది లేదు అనుకోండి.

అరుగు మీద:
మళ్లీ వస్తే?

ట్రెంటన్ తెలుగు:
ఇంకొకటి. ఆ కోర్టు ఇంటి స్వాధీనం గురించే తేలుస్తుంది. బాకీ డబ్బు కోసం యజమాని వేరే దావా వేయవచ్చు, అది మీ స్నేహితుడి మీద. ఈ విషయం అతనికి చెబితే ఆ ఈ-మెయిలు తొందరగానే రాస్తాడు.

గోదారి గట్టు:
రాశాడు. ఆఫీసు నుంచి లెడ్జరు వచ్చింది, ఆలస్య రుసుము రెండుసార్లు వేశారు, అది అడగాలి. 211 వాళ్లు రెండు సంస్థల పేర్లు ఇచ్చారు, ఒకటి అపాయింట్‌మెంటు ఇచ్చింది, కోర్టు తేదీకి ముందే. మిగతాది మా బావగారు సర్దుతానన్నారు. అందరికీ థ్యాంక్స్ అండీ. డబ్ల్యూహెచ్-4 సంగతి తరువాత చూస్తాను.

పాత కాపు:
తరువాత అంటే పన్నెండు నెలలు, గుర్తుంచుకోండి.

ప్లేనో నుంచి:
కేర్స్ చట్టం నోటీసు సంగతి ఎవరూ తేల్చలేదు. ఆ కాంప్లెక్సు మీద ఎవరి రుణం ఉందో ఎవరైనా చూశారా?