పైథాన్‌లో వరుసగా రీప్లేస్ చేస్తుంటే ఒక మార్పు ఇంకోదాన్ని చెడగొడుతోంది

ప్రశ్న:
పైథాన్ 3. పాత మాట, కొత్త మాట జంటలు ఒక డిక్షనరీలో ఉన్నాయి. ఫర్ లూప్‌లో ఒక్కో జంటకీ వాక్యం = వాక్యం.రీప్లేస్(పాత, కొత్త) అని రాశాను. "కుడి"కి "ఎడమ", "ఎడమ"కి "కుడి" ఇచ్చి "కుడి ఎడమ కుడి" పంపితే "కుడి కుడి కుడి" వస్తోంది. "పది"కి "10", "పదిహేను"కి "15" ఇస్తే "పదిహేను" కాస్తా "10హేను" అవుతోంది. ఎర్రర్ ఏమీ లేదు. డిక్షనరీలో జంటల వరుస తిప్పితే రెండోది సర్దుకుంది, మొదటిది మాత్రం "ఎడమ ఎడమ ఎడమ" అయింది.

జవాబు 1:
రీప్లేస్ తప్పేమీ లేదండి, తేడా లూప్‌లో ఉంది. రెండో చుట్టుకి అందేది అసలు వాక్యం కాదు, మొదటి చుట్టు మార్చేసిన వాక్యం. అప్పటికే అది "ఎడమ ఎడమ ఎడమ" అయిపోయింది, ఏది పాతదో ఏది కొత్తదో తెలిసే దారి లేదు. పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ మీరు పెట్టిన వరుసనే పాటిస్తుంది కాబట్టి వరుస మారితే ఫలితమూ మారుతోంది.

వాక్యాన్ని ఒక్కసారే చదివించాలి. కీలన్నిటినీ, అంటే పాత మాటలన్నిటినీ, పొడవు ప్రకారం పెద్దది ముందు వచ్చేలా సార్ట్ చేయండి. ఒక్కోదాన్ని రీ మాడ్యూల్ (ప్యాటర్న్‌తో మాటలు వెతికే పైథాన్ భాగం) ఇచ్చే రీ.ఎస్కేప్‌లో పెట్టి (గుర్తులను మామూలు అక్షరాలుగానే చూసేలా చేస్తుంది), మధ్యలో నిలువు గీతతో ("లేదా" అని అర్థం) కలిపి ఒకే ప్యాటర్న్ చేయండి. దొరికినదాన్ని మార్చే రీ.సబ్‌కి కొత్త మాట బదులు ఫంక్షన్ ఇవ్వండి: దొరికిన మాటను డిక్షనరీలో చూసి తిరిగిస్తే చాలు. మారిన ముక్కను అది మళ్ళీ వెతకదు.

సార్ట్ మానేస్తే "10హేను" తిరిగొస్తుంది, ఎందుకంటే రీ మాడ్యూల్ పొడవైనదాన్ని కాదు, ముందు రాసినదాన్ని పట్టుకుంటుంది. ఎస్కేప్ మానేస్తే "సి++" లాంటి కీ దగ్గర దెబ్బ తింటారు. 3.10 వరకు ప్యాటర్నే తప్పని ఎర్రర్ వస్తుంది. 3.11 నుంచి రెండు ప్లస్‌లకి వేరే అర్థం ఉంది కనుక ప్యాటర్న్ ఒప్పుకుని "సి" ఒక్కటే పట్టుకుంటుంది, అది డిక్షనరీలో లేదు కనుక చివరికి కీఎర్రర్.

జవాబు 2:
మధ్యలో ఏదో గుర్తు పెట్టి మార్చుకునే చిట్కా కూడా చెప్తారు. ఆ గుర్తు అసలు వాక్యంలోనే ఉంటే గోవిందా. పీహెచ్‌పీ (ఇంకో ప్రోగ్రామింగ్ భాష) వాళ్ళకి ఈ బాధ లేదు: స్ట్ర్_రీప్లేస్‌కి అర్రేలు ఇస్తే ఇదే తిప్పలు గానీ, స్ట్రటీఆర్‌కి జంటల అర్రే ఇస్తే పొడవైనదే ముందు చూస్తుంది, మార్చినదాన్ని మళ్ళీ ముట్టుకోదు.

ప్రశ్న అడిగినవారు:
ఒక్క ప్యాటర్న్‌తో రెండూ కుదిరాయి, థాంక్స్. కానీ "పదిలం" కాస్తా "10లం" అవుతోంది. అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బీ (పదం హద్దును పట్టే గుర్తు) పెడితే ఇంకా వింత: విడిగా ఉన్న "పది" మారట్లేదు, "పదిలం" మాత్రం మారుతోంది!

జవాబు 3:
రీ మాడ్యూల్ లెక్కలో గుడి, కొమ్ము, ఏత్వం లాంటివి పదంలో భాగం కావు. "పది" చివర గుడి ఉంది, దాని తర్వాత ఖాళీ. రెండూ పదం కానివే, కాబట్టి అక్కడ హద్దు లేదు. "పదిలం"లో గుడి తర్వాత "ల" వస్తుంది కనుక అక్కడ హద్దు ఉన్నట్టు. తెలుగుకి బ్యాక్‌స్లాష్ బీ వదిలేయండి. ముందు నెగటివ్ లుక్‌బిహైండ్ (మాటకి ముందు ఇది ఉండకూడదు), వెనక నెగటివ్ లుక్‌ఎహెడ్ (మాట తర్వాత ఇది ఉండకూడదు) పెట్టి, రెండిట్లోనూ తెలుగు బ్లాక్ మొత్తం, అంటే యూనికోడ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఇవ్వండి. నిలువు గీతల గుంపుని బ్రాకెట్లలో పెట్టడం మరవకండి, లేకపోతే ఆ కాపలా మొదటి, చివరి మాటలకే అంటుకుంటుంది.

ఇలా చేస్తే "పదికి", "పదిమంది" కూడా మారవు. అవీ మారాలంటే విభక్తులతో సహా డిక్షనరీలో చేర్చుకోవడమే.